కాటన్ దొర జీవితము – జ్ఞానమొక్కటియే చాలునా?

మానవజన్మమునకు సార్థకత దేనివలన సిద్ధించును? ధనమువలననా, అధికారమువలననా, లేక జ్ఞానమువలననా? ఈ ప్రశ్న మన పురాణేతిహాసములందు పలు విధముల అడుగబడినదే. క్రైస్తవుల ధర్మగ్రంథమగు బైబిలులో దీనిని అడిగినవాడు యెరూషలేములో రాజ్యమేలిన సొలొమోను మహారాజని సంప్రదాయము చెప్పుచున్నది. ప్రసంగి యను పేరుగల చిన్న గ్రంథములో ఆ రాజు తన జీవితపు జమాఖర్చులు తానే చూచుకొనెను. తన పూర్వులందరికంటె అధికమగు జ్ఞానమును ఆర్జించెను, మేడలు కట్టించెను, ద్రాక్షతోటలు నాటించెను, ఆ తోటలకు నీరు పారుటకై చెరువులు త్రవ్వించెను. అంతయు ముగించి వెనుదిరిగి చూచుకొనగా, గాలిని గుప్పిట పట్టబోయినవానివలె తన చేతిలో ఏమియు నిలువలేదని గ్రహించెను. చీకటికంటె వెలుగు మేలైనట్లు మూఢత్వముకంటె జ్ఞానము మేలైనదేయని ఒప్పుకొనెను. అయినను పండితునికిని పామరునికిని కడపట వచ్చునది మరణమే గదా యని వగచెను.

అంతటి జ్ఞానికి తృప్తి ఏల కలుగలేదు? ఆ గ్రంథమును శ్రద్ధగా చదివినవారికి ఒక విషయము కనబడును. ఆ రాజు త్రవ్వించిన చెరువులును, నాటించిన తోటలును తనకొరకే. తన కన్నులు కోరినదెల్ల తనకు సమకూర్చుకొనుటకై తన జ్ఞానమును వినియోగించెను. నీరు వచ్చెను గాని దాహము తీరలేదు. ఈ ప్రశ్నకు సమాధానము వెదకువారికి, అదే ధర్మగ్రంథమును నమ్ముకొని, నీటిపనియందే జీవితము గడపిన మరియొకని చరిత్రము మన గోదావరి గడ్డమీదనే లభించుచున్నది. ఆయనయే సర్ ఆర్థర్ కాటన్ దొర.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. పదునొకండుగురు అన్నదమ్ములలో ఆర్థరు పదవవాడు. పెద్ద కుటుంబములోని చిన్నవారికి పిత్రార్జితముకంటె స్వయంకృషియే దిక్కు. పదునైదవ యేట, 1818లో, ఈస్టిండియా కంపెనీవారి అడిస్కంబి సైనిక విద్యాలయమున చేరి, మరుసటి సంవత్సరమే మద్రాసు ఇంజనీర్ల దళమున ఉద్యోగము సంపాదించెను. 1821లో మన దేశమునకు వచ్చెను. 1824 మొదలు 1826 వరకు జరిగిన మొదటి బర్మా యుద్ధమున పాల్గొనెను.

యుద్ధము ముగిసిన కాలముననే ఆయన అంతరంగమున పెద్ద మార్పు కలిగెను. అంతవరకు వృత్తివిద్యయందు ఆరితేరిన యువకుడు మాత్రమే. తరువాత మాత్రము దైవభక్తి ఆయన జీవితమునకు ఆధారమయ్యెను. బైబిలు పఠనము, ప్రార్థన కడవరకు ఆయనను విడువలేదు. సామెతలు అను గ్రంథములో సొలొమోను దైవభీతియే జ్ఞానమునకు ఆరంభమని బోధించెను. అనగా జ్ఞానము తనంతట తాను మొదలును కాదు, తుదియును కాదు. దానికి ముందు ఒక వినయము ఉండవలెను, దానికి తరువాత ఒక సేవ ఉండవలెను. ఈ బోధ కాటన్ దొర పనిలో ఎట్లు కనబడినదో చూతము.

1828 మొదలుకొని ఆయన కావేరీ నదీప్రాంతమున పనిచేసెను. ఆ కాలమున కావేరి నీరు క్రమక్రమముగా కొల్లడపు పాయలోనికి దిగిపోవుచు, తంజావూరు మాగాణి ఎండిపోవు స్థితి ఏర్పడెను. కాటన్ దొర కొల్లడముపై రెండు ఆనకట్టలను 1836 ప్రాంతమున నిర్మించి ఆ సీమను కాపాడెను. ఈ పనికి ఆయనకు గురువులెవరు? అడిస్కంబి పండితులు కారు. కరికాల చోళుడు కట్టించెనని ప్రసిద్ధి చెందిన కల్లణై అను పురాతనపు కట్టడమే. లోతు తెలియని ఇసుకనేలలో రాతికట్టడమును నిలుపు ఉపాయమును ఈ దేశపు పూర్వులనుండియే నేర్చుకొంటిమని ఆయన దాపరికము లేక వ్రాసెను. పాలించువాడు పాలింపబడువారి తాతముత్తాతల యెదుట శిష్యుడై నిలుచుట సామాన్యము కాదు. తమవారు చెరువులను కాలువలను మరమ్మతులేక పాడుపెట్టుచున్నారనియు, అది పాలకులకు సిగ్గుచేటనియు ఆయన తన ప్రభుత్వమునకే నిర్మొగమాటముగ తెలియజేసెను. దొరతనము వారికి ఈ మాటలు రుచింపలేదు.

అనారోగ్యకారణమున సెలవుపై ఆస్ట్రేలియా ప్రాంతమునకు వెళ్లినపుడు, 1841లో, ఎలిజబెత్ లియర్మంత్ అను కన్యను వివాహమాడెను. తిరిగివచ్చిన పిమ్మట విశాఖపట్టణ ప్రాంతమున పనిచేయుచు రాజమహేంద్రవరపు జిల్లా స్థితిగతులను పరిశీలించెను.

ఆనాటి మన సీమ ఎట్లుండెనో నేటివారు ఊహింపజాలరు. 1832-33లో, నందన నామ సంవత్సరమున, ఘోరమగు కరువు వచ్చెను. తల్లులు బిడ్డలను అమ్ముకొనిరని పెద్దలు చెప్పుకొనెడివారు. 1839 నవంబరులో కోరంగి తీరమున ఉప్పెన విరుచుకొనిపడి ఓడలను, ఊళ్లను ముంచివేసెను. 1821లో ఏడు లక్షల ముప్పదివేలకు పైబడియున్న జిల్లా జనసంఖ్య ఇరువది సంవత్సరములలో ఇంచుమించు ఐదు లక్షల అరువదివేలకు తగ్గిపోయెను. చచ్చినవారు చావగా, మిగిలినవారిలో అనేకులు పొరుగు సీమలకు తరలిపోయిరి. ఇంతయు గోదావరి ఒడ్డుననే జరిగెను! వర్షాకాలమున ఆ తల్లి లంకలను ముంచుచు సముద్రమున కలిసెడిది. వేసవిలో ఆమె ఒడ్డుననే పశువులు గడ్డిలేక కూలెడివి. మాగాణికి పనికివచ్చు ఒండ్రునేల ఉండెను, నీరు ఉండెను, కష్టించు రైతు ఉండెను. ఈ మూటిని కలుపువాడు లేకపోయెను.

అట్లని ఆనాడు జ్ఞానవంతులు లేరని చెప్పరాదు. కచ్చేరీలలో లెక్కలు ఉండెను. ఏయేటి కాయేడు జమాబందీ చిట్టాలు తయారగుచుండెను. శిస్తు ఎంత పడిపోయినది, ఎన్ని గ్రామములు పాడుపడినవి అను వివరములు అధికారులకు తెలిసియేయుండెను. తెలిసినంత మాత్రమున ఒక్క గింజయు మొలవలేదు. జ్ఞానమునకు ఆర్తి తోడు కావలెను. 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ దొర ఈ జిల్లా దుస్థితిని విచారించి, గోదావరి నీటిని వినియోగింపవలెనని నివేదిక సమర్పించెను. ఆ పని కాటన్ దొరకు అప్పగింపబడెను. ఆయన 1844, 1845 సంవత్సరములలో నివేదికలు వ్రాసి, నేలలో నీటిలో ఏమాత్రము తీసిపోని ఈ సీమ తంజావూరువలె ఏల పండరాదని ప్రశ్నించెను. పైవారికి శిస్తులాభము చూపక తప్పదు గనుక దానిని చూపెను. దానితోపాటు, ప్రజలు ఆకలితో చావకుండ కాపాడుట దైవమును నమ్మిన ప్రభుత్వమునకు విధియని కూడ నొక్కిచెప్పెను. 1846లో అనుమతి వచ్చెను. 1847లో పని ప్రారంభమయ్యెను.

ధవళేశ్వరమువద్ద గోదావరి లంకలచేత నాలుగు పాయలుగా చీలియుండును. లంకలతో కలిపి ఈ ఒడ్డునుండి ఆ ఒడ్డునకు ఇంచుమించు నాలుగు మైళ్ల దూరము. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, మొత్తము రెండు మైళ్లకు మించిన పొడవున, సుమారు 12 అడుగుల ఎత్తున ఆనకట్ట నిర్మింపవలసివచ్చెను. ఇది నీటిని నిలువచేయు కట్ట కాదు. నదీమట్టమును కొంత పైకెత్తి, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల తలకాలువలలోనికి నీటిని మరల్చు కట్ట. అడుగున రాతినేల లేదు. ఎంత త్రవ్వినను ఇసుకయే. కావేరీతీరమున పూర్వులు నేర్పిన పాఠము ఇక్కడ అక్కరకు వచ్చెను. ఇసుకలో నూతులు దింపి, వానిపై గోడలు లేపి, ముందుభాగమున గండశిలలు పరచి నీటి కోతకు అడ్డు కల్పించిరి. ధవళేశ్వరపు కొండనుండి రాతిని పగులగొట్టి, ఇనుప పట్టాలమీద బండ్లతో నదికి చేర్చిరి. వరదలు దిగినది మొదలు మరల వరదలు వచ్చువరకే పనికి గడువు. వేలాది కూలీలు ఎండలో శ్రమించిరి.

1848లో కాటన్ దొరకు వడదెబ్బ తగిలి ప్రాణాపాయము కలుగగా, రెండు సంవత్సరములు దేశాంతరమున విశ్రాంతి తీసికొనవలసివచ్చెను. ఆయన లేని కాలమున ఆర్ దొర పనిని సాగించెను. 1850లో కాటన్ దొర తిరిగివచ్చి, 1852 నాటికి ఆనకట్టను పూర్తిచేసెను. హేగ్ దొర గన్నవరమువద్ద వైనతేయపాయమీదుగా 49 కమానుల అక్విడక్టును కట్టి, కాలువనీటిని నదికి పైగా దాటించి రాజోలు సీమకు అందించెను. ఈ పనులన్నిటియందు కుడిభుజమై నిలిచినవాడు మనవాడగు వీణం వీరన్న. కూలీలను సమకూర్చుట, వారికి నచ్చజెప్పుట, సామగ్రి సేకరించుట మొదలగు భారములను ఆయన వహించెను. కాటన్ దొర తన వ్రాతలలో వీరన్న సాయమును కృతజ్ఞతతో స్మరించెను.

ప్రసంగి గ్రంథములోనే ఒక చిన్న కథ కలదు. ఒక చిన్న పట్టణమును బలవంతుడగు రాజు ముట్టడింపగా, అందున్న ఒక బీదవాడు తన జ్ఞానముచేత దానిని రక్షించెను. కాని ఆపద గడచిన తరువాత ఆ బీదవానిని ఎవరును తలచుకొనలేదు. సొలొమోనును వ్యాకులపరచిన విషయములలో ఇది యొకటి. జ్ఞానము ఊరిని రక్షించునే కాని, రక్షించినవానికి కీర్తి దక్కునని హామీ లేదు. గోదావరి ఆనకట్ట రాళ్లక్రింద ఇట్టి బీదవారి కథలు వేలు కలవు. రాయి మోసిన స్త్రీల పేర్లు, నూతులు దింపిన పనివారి పేర్లు ఏ శిలాఫలకముమీదను లేవు. వారి జన్మలు వ్యర్థములని ఎవరనగలరు? వారు కట్టినదానివలన వారి మనుమలు అన్నము తినిరి. పేరు నిలుచుట వేరు, సార్థకత వేరు.

ఆనకట్ట ఫలితము అచిరకాలముననే కనబడెను. మెట్టపైరులుకూడ సరిగా పండని పొలములు వరిమళ్లయ్యెను. కాలువలలో పడవలు సాగి ధాన్యమును రేవులకు చేర్చెను. 1876-78 నడుమ, ధాత నామ సంవత్సరమున మొదలైన మహాక్షామమున దక్షిణదేశమున లక్షలకొలది జనులు మరణింపగా, గోదావరి డెల్టా తాను తినుటయేగాక పొరుగు సీమలకు గింజలు పంపెను. అయితే న్యాయముగ చెప్పవలసిన మాట మరియొకటి కలదు. నీరు పారినచోట సర్కారు శిస్తుకూడ పెరిగెను. భూమి గలవానికి కలిగినంత లాభము భూమిలేని పాలేరునకు కలుగలేదు. నీటిని సమముగా పంచుట ఇంజనీరు విద్యకు సాధ్యమే. దాని ఫలమును సమముగా పంచుటకు మనుష్యుల హృదయము మారవలెను. అది ఏ ఆనకట్టవలనను కాదు.

కాటన్ దొర జ్ఞానము ఎల్లప్పుడును ఫలించెననుకొనుట పొరపాటు. 1861లో సర్ బిరుదము పొంది, ఉద్యోగము విరమించి స్వదేశమునకు వెళ్లిన పిమ్మట ఆయన పెద్ద పెద్ద ఆలోచనలు చేసెను. దేశమందలి నదులన్నిటిని కాలువలతో కలిపి, రైళ్లకు బదులు పడవలు నడుపవలెనని వాదించెను. ఆయన ప్రోత్సాహమున ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్రనుండి కర్నూలు-కడప కాలువను త్రవ్వించెను. కాని నల్లరేగడి రైతు ఆ నీటిని ఆశించినంతగా తీసికొనలేదు. కంపెనీ నష్టపడి, 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనవలసివచ్చెను. దుమ్ముగూడెముమీదుగా గోదావరి ఎగువకు పడవలు నడుపవలెనను పథకము ఎంతో ధనము వ్యయమైన పిమ్మట 1871లో విడువబడెను. ఒక నదివద్ద సరిపోయిన లెక్క మరియొక నదివద్ద సరిపోలేదు. 1878లో పార్లమెంటు విచారణ సంఘము ఎదుట, డెబ్బదియైదేండ్ల ఆ వృద్ధుడు కఠినమగు ప్రశ్నలకు గురికావలసివచ్చెను. ఆయన కోరిన కాలువలకంటె రైలుమార్గములకే ప్రభుత్వము మొగ్గుచూపెను. ఆయన కాలధర్మము చెందిన మరుసటి సంవత్సరమే, 1900లో, రాజమహేంద్రవరమున గోదావరిమీద రైలువంతెన ప్రారంభమయ్యెను.

జ్ఞానమునే నమ్ముకొన్నవానికి ఇట్టి ఓటమి జీవితమును శూన్యము చేయును. మానవుడు ఎంత ప్రయత్నించినను సూర్యునిక్రింద జరుగు పనిని ఆద్యంతములు గ్రహింపజాలడని సొలొమోను చెప్పినది ఇట్టి సందర్భమునకే. కాటన్ దొర మాత్రము కటువుగా మారలేదు. డార్కింగు అను చిన్న పట్టణమున నివసించుచు, తొంబదియేండ్లు సమీపించిన వయస్సునగూడ, తన ఇంటితోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించు పద్ధతులను పరీక్షించుచుండెను. కొద్దిపాటి నేలలో ఎక్కువ గింజలు పండిన బీదవానికి మేలగునని ఆయన ఆశ. నదులను మళ్లించిన చేతులు కడకు ఒక చిన్న మడిలో గింజలు నాటుచుండెను. కొలత తగ్గెను గాని ఉద్దేశము మారలేదు. 1899 జూలై 24వ తేదీన, 96వ యేట, అక్కడనే కన్నుమూసెను. కుమార్తె యగు లేడీ హోప్ మరుసటి సంవత్సరము తండ్రి చరిత్రమును గ్రంథముగా ప్రకటించెను.

ఈ జీవితమును సొలొమోను జీవితముప్రక్కన నిలిపి చూచినచో సమాధానము దొరకుచున్నది. ఇరువురును జ్ఞానులే, ఇరువురును నీటిని మళ్లించినవారే. మొదటివాడు జ్ఞానమును సింహాసనముమీద కూర్చుండబెట్టి, తన సుఖమునకై దానిని కొలిచి, చివరకు దానియందు శూన్యమును చూచెను. తన గ్రంథపు తుదియందు మాత్రము, దైవమునకు భయపడి ఆయన ఆజ్ఞలను అనుసరించుటయే మానవునికి కర్తవ్యమని తేల్చెను. ఆ తీర్పునుండియే రెండవవాడు తన జీవితమును ప్రారంభించెను. అందుచేత విజయమున గర్వింపలేదు, ఓటమియందు క్రుంగలేదు. అదే ధర్మగ్రంథమున పౌలు భక్తుడు, సమస్త రహస్యములు ఎరిగినవాడైనను ప్రేమలేనిచో వ్యర్థుడేయని కొరింథు సంఘమువారికి బోధించెను. మన పెద్దలు విద్యకు వినయమే భూషణమనియు, పరోపకారమే పుణ్యమనియు చెప్పినది ఇందుకు భిన్నము కాదు.

గన్నవరమున మరియొక ఉదాహరణము కలదు. లంకల గన్నవరములో 1909 వరకు జీవించిన డొక్కా సీతమ్మగారు గొప్ప చదువులు చదివినవారు కారు. వేళగాని వేళ వచ్చిన బాటసారికిని కులమత భేదము పాటింపక అన్నము పెట్టి అన్నపూర్ణయని పేరుగాంచిరి. హేగ్ దొర అక్విడక్టునకు బదులుగా తరువాత నిర్మింపబడిన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరే పెట్టబడినది. నీటిని తెచ్చిన జ్ఞానమునకును, అన్నము వడ్డించిన దయకును ఒకేచోట గౌరవము దక్కెను. ఆ రెంటిలో ఏది లేకున్నను బాటసారి ఆకలి తీరెడిది కాదు.

నేడు ధవళేశ్వరమున పాత ఆనకట్టకు బదులు, 1970లో ప్రారంభమై 1982లో పూర్తియైన బ్యారేజి, సర్ ఆర్థర్ కాటన్ పేరు ధరించి, పది లక్షల ఎకరములకు నీరందించుచున్నది. గోదావరి పుష్కరములలో పితృదేవతలతోపాటు ఆ దొరకును తర్పణము విడుచువారున్నారు. ఆయనను అపర భగీరథుడని పిలుచుట కేవలము స్తుతి కాదు. గంగను దింపిన భగీరథుడును తన దాహమునకై తపస్సు చేయలేదు. భస్మమైన పూర్వుల సద్గతికై చేసెను.

గ్రంథాలయము జ్ఞానమునకు నిలయము. ఇరువదియైదు సంవత్సరములుగ బీరువాలలో చేరిన పుస్తకములు ఒక గ్రామమునకు చిన్న సొత్తు కాదు. కాని బీరువాలోని పుస్తకము ఆనకట్టకు ఎగువన నిలిచిన నీటివంటిది. తూము ఎత్తినగాని చేను తడియదు. చదువరి తాను చదివినది చదువురాని పొరుగువానికి వినిపించినపుడు, పత్రికలో చూచిన వ్యవసాయపు మెలకువను చిన్నరైతునకు తెలిపినపుడు, అర్జీ వ్రాయనేరని వితంతువునకు ప్రతిఫలము కోరక వ్రాసి యిచ్చినపుడు, ఆ తూము ఎత్తబడును. రాబోవు ఇరువదియైదు సంవత్సరములలో పుస్తకముల సంఖ్యతోపాటు అట్టి చదువరుల సంఖ్యయు వృద్ధిపొందుగాక.